చేదుకూర పక్కన ఫ్లాస్కు

ఫిబ్రవరి 3, సోమవారం

మనవరాలు మొకెయ్రా వచ్చింది. పురిటికి నా దగ్గరికే రాక ఇంకెక్కడికి పోతుంది? అత్త లేదు. మొగుడు న్యాకుండికి మొంబాసా ఓడరేవులో సెలవు దొరకదు. పొట్ట ముందు దిగింది, మనిషి వెనకాల దిగింది. గేటు నుంచి గుమ్మం దాకా వచ్చేలోపు రెండుసార్లు ఆగి ఊపిరి తీసుకుంది. మా గేటుకీ గుమ్మానికీ మధ్య టీ మొక్కల వరుసలు తప్ప కొండలేమీ లేవు.

కింది రెప్ప లాగి చూశాను. బడిపిల్లల కళ్ళు చూసీ చూసీ తల నెరిసినదాన్ని. ఆ రెప్ప లోపల ఎరుపన్నదే లేదు, తెల్లకాగితంలా ఉంది.

టీ పెట్టి ఇచ్చాను. తాగాక ముఖానికి కాస్త రంగు వచ్చినట్టే అనిపించింది.

ఫిబ్రవరి 4

ఆరోగ్యకేంద్రానికి తీసుకువెళ్ళాను. అక్కడ పెద్ద నర్సు ఇప్పుడు ఒన్సోంగో. నా దగ్గరే చదివాడు. ఆవు మీద వ్యాసం రాయమంటే మూడు వాక్యాలు రాసి, మిగతాది ఆవుకే తెలుసునని ముగించిన మహానుభావుడు.

"రక్తం ఎనిమిదే ఉంది టీచరుగారూ. పది దాటాలి. లేకపోతే కాన్పులో మామూలుగా పోయే రక్తం పోయినా ఈ అమ్మాయి తట్టుకోలేదు."

"తెలుసు" అన్నాను.

వాడు వెంటనే కళ్ళు దించుకున్నాడు. నాకెలా తెలుసో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు.

కెముమా సంగతి ఇక్కడ రాయను. నా కూతురు ఈ మొకెయ్రాని కన్నరోజునే పోయింది. పట్నం ఆసుపత్రికి ఇంకా సగం దారి ఉండగానే, టీ ఆకు మోసే లారీ వెనకాల, నా ఒళ్ళో. రాయనన్నాను కదా.

మాత్రలిచ్చాడు. రోజూ ఆకుకూర తినాలట. క్యాబేజీ కాదట, పెరట్లో మొలిచే చేదాకులట, చిన్సాగా, కామంచి. ఇంకో మాట కూడా చెప్పాడు. మాత్ర వేసుకున్నప్పుడు గానీ, కూర తిన్నప్పుడు గానీ టీ తాగకూడదట. గంట, వీలైతే రెండు గంటలు ఆగాలట. కూరలోని ఇనుమును టీ ఒంటికి పట్టనివ్వదట. వాడి చదువుకి ఫీజు కట్టింది వాళ్ళ నాన్న కోసిన టీ ఆకే! ఈ కాలం వాళ్ళకి మనచేత ఏదో ఒకటి మానిపిస్తే గానీ వైద్యం చేసినట్టు ఉండదు. మా అమ్మ పూటపూటా టీ తాగుతూనే తొమ్మిదిమందిని కన్నది.

ఫిబ్రవరి 5

చిన్సాగా నేను వండి ఎన్నేళ్ళయిందో గుర్తులేదు. నిజానికి ఎప్పుడూ వండలేదు. మిషన్ బడిలో సిస్టర్లు క్యారెట్, క్యాబేజీ పెంచడం నేర్పారు. చిన్సాగా చదువు లేనివాళ్ళ తిండి అని వాళ్ళెప్పుడూ అనలేదు. ఆ పాఠం మేమే సొంతంగా నేర్చుకున్నాం. మొకెయ్రాని కూడా క్యాబేజీ మీదే పెంచాను.

కాబట్టి బ్వారి ఇంటికి వెళ్ళక తప్పింది కాదు. బ్వారి నా తోటికోడలు, పెద్దకోడలు. కంచె అవతలే ఇల్లు. నేను ఆదివారం మా చర్చికి పోతాను, ఆవిడ శనివారం వాళ్ళ సభకి పోతుంది. మిగతా ఐదురోజులూ కంచె మీదుగా దెప్పుకుంటాం.

"ఏమే టీచరమ్మా, నా గుమ్మం తొక్కావేం? నీ క్యాబేజీలకి తెగులొచ్చిందా?"

"పిల్లకి రక్తం లేదక్కా. చిన్సాగా కావాలి."

నవ్వు మానేసి కత్తి తీసుకుని పెరట్లోకి నడిచింది. ఒక మోపు కోసి నా చేతిలో పెట్టాక మళ్ళీ మొదలుపెట్టింది.

"నువ్వే వండుతావూ? నీ పురిట్లో అత్తగారు కుండెడు వండి తెస్తే మంచం కిందనుంచి నా వైపు తోసినదానివి. ప్రతి కాన్పుకీ నీ పథ్యం నేనే తిన్నాను. అందుకే నేనింకా మోపులు మోస్తున్నాను, నువ్వు చేతికర్ర మోస్తున్నావు."

ఎలా వండాలో చెప్పింది. కాడలు తీసేసి ఆకు మాత్రమే గిల్లాలి. ఉడకబెట్టి ఆ నీళ్ళు పారబోయాలి. పాలు పోసి కుండలో ఉంచాలి. మర్నాడు వెచ్చబెట్టి మళ్ళీ పాలు పోయాలి. మూడోనాడు తినాలి.

"మూడోనాటికి చేదు పోతుందా?"

"పోదు. నోరు పారేసుకోవడం మానేస్తుంది. నీకా భాగ్యం ఇంకా రాలేదు."

ఫిబ్రవరి 7

తిన్నాం. తిన్నాం అని రాయడం సులువు.

కంచంలో సంకటి, పక్కన కూర. మొకెయ్రా వాసన చూసి కంచం దూరంగా జరిపింది.

"అమ్మమ్మా, ఇది పశువులకి పెట్టేది."

"పశువులకి రక్తం బాగానే ఉంది."

"నువ్వు తింటే నేను తింటాను. నువ్వెన్ని ముద్దలు తింటే నేనన్ని."

ముప్పై ఏళ్ళు హెడ్‌మిస్ట్రెస్‌గా ఉన్నదాన్ని, ఇలాంటి ఉచ్చులో పడతానని అనుకోలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. నాలుక వెనక్కి పోయి గొంతులో దాక్కుంది. ఫ్లాస్కు తెరిచి వేడి టీ ఒక గుక్క తాగాను. అప్పుడు దిగింది. దానికీ ఒక కప్పు పోశాను. ఒక ముద్ద, ఒక గుక్క. అలా కంచం ఖాళీ అయింది. మాత్ర కూడా ఆ టీతోనే మింగించాను, మళ్ళీ నీళ్ళెందుకని.

ఉపాయం నాదే. మెచ్చుకునేవాళ్ళు లేరు కాబట్టి ఇక్కడ రాసుకుంటున్నాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

తిన్నాం. తర్వాత టీ.

ఫిబ్రవరి 13

కామంచి. చిన్సాగా కన్నా నయమని బ్వారి అంది. దేనికన్నా నయమో తెలిసింది, దేనికి నయమో తెలియలేదు. తర్వాత టీ. ఇద్దరికీ రెండేసి కప్పులు.

న్యాకుండి ఫోను చేశాడు. "ఎలా ఉందండీ అమ్మమ్మగారూ?" అన్నాడు. రంగు వస్తోందని చెప్పాను. వస్తోంది. పొద్దుటి ఎండలో చూస్తే తెలుస్తుంది.

ఫిబ్రవరి 18

పెరట్లో బట్టలు ఆరేస్తూ మొకెయ్రా కూర్చుండిపోయింది. కళ్ళు తిరిగాయట. ఎండ అన్నాను. ఎండ లేదు.

ఫిబ్రవరి 24, సోమవారం

ఏడూ పాయింట్ ఆరు.

సూది పొడిచిన వేలిని ఒన్సోంగో దూదితో అదిమిపట్టి నావైపు చూశాడు.

"కూర తింటోందా టీచరుగారూ?"

"నా కళ్ళముందే తింటోంది."

"మాత్రలు?"

"నా చేత్తోనే వేస్తున్నాను."

"మరి తగ్గిందేమిటి?"

నాకేం తెలుసు అన్నాను. వాడు తల గోక్కున్నాడు. ఆవు వ్యాసం రాసినప్పుడూ అలాగే గోక్కున్నాడు. ఆ తర్వాత మెల్లగా చెప్పాడు. పది దాటకపోతే ఇక్కడ కాన్పు చెయ్యడట, చేసే ధైర్యం తనకి లేదట. పట్నం పోవాలి. వానలు మొదలయ్యేలోపే పోయి అక్కడే ఉండాలి.

బయటికి వచ్చాక మొకెయ్రా ఒక్కటే మాటంది.

"ఆ దారిన నేను పోను అమ్మమ్మా. మా అమ్మ పోయిన దారి."

ఇంటికొచ్చి టీ పెట్టాను.

ఫిబ్రవరి 26

రక్తం తగ్గిందంటే కూర లోపలికి పోవడం లేదు. లెక్కలో తప్పు ఉండదు, లెక్క చేసేవాళ్ళలో ఉంటుంది. నేను లేచి ఫ్లాస్కు మళ్ళీ నింపుకురావడానికి వంటింట్లోకి పోయినప్పుడల్లా పిల్ల ఏం చేస్తోంది?

కోళ్ళగూడు చూశాను. అరటిచెట్ల కింద చెత్తగుంట చేతికర్రతో కెలికాను. ఆకు జాడ లేదు. బడి నడిపినన్నాళ్ళూ సాక్ష్యం దొరకలేదని ఎవర్నీ వదిలిపెట్టలేదు.

ఫిబ్రవరి 27

దొరికింది. కూర కాదు. దాని స్వెట్టర్ జేబులో మెత్తరాయి ముక్కలు, బజార్లో కడుపుతోవున్నవాళ్ళకి అమ్ముతారే, ఆ బూడిదరంగు మట్టిరాయి. సగం కొరికి ఉంది.

"కూర పారేసి రాళ్ళు తింటున్నావా?"

"పారెయ్యలేదు అమ్మమ్మా. రాయి తినాలనిపిస్తుంది, ఆపుకోలేను. కానీ కూర ఒక్క ఆకు పారెయ్యలేదు."

"మరి ఎక్కడికి పోతోంది రక్తం? నేను తాగుతున్నానా?"

"నువ్వే చూస్తున్నావుగా నేను తినడం!"

"నేను వంటింట్లోకి పోయినప్పుడు?"

అప్పుడు అది నన్ను చూసిన చూపు గురించి రాయను. మెల్లగా అంది: "నేను చావాలనుకుంటున్నానా అమ్మమ్మా?"

కప్పులు కడగడానికి పోయాను. ఆపై ఏమన్నానో గుర్తులేదు. గుర్తుంది. "మీ అమ్మ కూడా మాట వినేది కాదు" అన్నాను.

కెముమా మాట వినేది. ఏం చెబితే అది వినేది.

ఫిబ్రవరి 28, శుక్రవారం

పొద్దున లేచేసరికి దాని సంచి లేదు. మొంబాసా పోయిందేమోనని గేటు దాకా పరిగెత్తాను. ఈ మోకాళ్ళతో దాన్ని పరుగంటే పరుగు నవ్విపోతుంది. కంచె అవతలినుంచి బ్వారి పిలిచింది.

"ఇక్కడే ఉందిలే, కంగారుపడకు. తిండి నా దగ్గరే తింటుందట. రేపు శనివారం, మా సబ్బాతు కదా, కుండ నిండా వండి పెట్టాను."

"తిననీ" అన్నాను.

మార్చి 2, ఆదివారం

ఇంట్లో ఎవరూ లేరు కాబట్టి చిన్సాగా వండలేదు. క్యాబేజీ వండుకున్నాను. మెత్తగా, తియ్యగా, ఏ గొడవా లేకుండా. సగం వదిలేశాను.

మార్చి 5

వాన మొదలైంది. వంతెన దగ్గర టీ ఆకు లారీ బురదలో దిగబడిందట. తియ్యడానికి పూటంతా పట్టిందట. ఈ కబురు నాకు చెప్పకపోతే ఎవరికైనా నష్టమా?

మార్చి 8, శనివారం

శనివారం బ్వారి పొయ్యి ముట్టించదు. శుక్రవారం వండిందే తింటారు. సభ నుంచి వచ్చాక వసారాలో కూర్చుని తింటుంటే కంచె సందుల్లోంచి చూశాను. చూడటం కాదు, గొంగళిపురుగులేమైనా ఉన్నాయేమోనని కంచె పరీక్షిస్తున్నాను.

మొకెయ్రా తింటోంది. ముఖం ముడుచుకుంటూ, కళ్ళు మూసుకుంటూ, నిదానంగా. దాని ముందు నీళ్ళ గ్లాసు, కోసిన నారింజ. ఒక్క ఆకు పారెయ్యలేదు. కంచం వేలితో తుడిచింది కూడా.

నా దగ్గరా ఇలాగే తిందా?

మార్చి 9

చర్చిలో కూర్చుని ప్రార్థన ఒక్కటీ పూర్తిచెయ్యలేకపోయాను. కెముమా ప్రతి వాక్యానికీ అడ్డం వచ్చింది.

మార్చి 12

బ్వారి కంచె మీదుగా అరిచింది. "సోమవారం పిల్లని రక్తం చూపించడానికి తీసుకెళ్ళాలి. నేను తీసుకెళ్ళనా, నువ్వొస్తావా, లేక మీ ఇద్దరూ ఇలాగే అలిగి కూర్చుంటే బిడ్డ తనంతట తనే పోయి చూపించుకుంటుందా?"

వస్తానన్నాను.

మార్చి 17, సోమవారం

గొడుగు ఒకటే. ఇద్దరం దాని కింద నడిచాం, మాట్లాడుకోకుండా. అది రెండుసార్లు ఆగుతుందేమోనని చూశాను. ఒక్కసారే ఆగింది, అదీ నాకోసం.

తొమ్మిదీ పాయింట్ ఒకటి.

ఒన్సోంగో మళ్ళీ ఒకసారి చూసి, ఇంకోసారి చూశాడు. "ఏం చేశారు టీచరుగారూ?"

"నేనేమీ చెయ్యలేదు. మా తోటికోడలి ఇంట్లో తింటోంది."

"కూర మార్చారా?"

"అదే కూర. మా ఇద్దరి ఇళ్ళకీ ఆవిడ పెరట్లోదే."

"మాత్రలు?"

"నువ్విచ్చినవే."

"మరి తేడా ఏమిటి?"

నేను పిల్లల్ని అడిగే పద్ధతిలోనే అడిగాడు, తొందరపెట్టకుండా, జవాబు మా దగ్గరే ఉందన్నట్టు. బ్వారి చేతి చలువ అన్నాను. వాడు కొత్త మాత్రల పొట్లం నా చేతిలో పెట్టాడు. ఫిబ్రవరి నాలుగున చెప్పిన మాట మళ్ళీ చెప్పలేదు. చెప్పి ఉంటే వాదించేదాన్ని.

ఇంటికొచ్చాను. అలవాటుగా ఫ్లాస్కు అందుకుని, మూత తిప్పుతూ ఆగిపోయాను.

బ్వారి ఇంట్లో టీ ఉండదు. వాళ్ళ సభవాళ్ళు తాగరు. వంచిన నడుం ఎత్తకుండా టీ ఆకు కోస్తుంది, బుట్టలెత్తి లారీకి పంపిస్తుంది, ఒక్క చుక్క నోట్లో పోసుకోదు. పెళ్ళయి ఈ ఇంటికొచ్చినప్పటినుంచీ ఆ విషయం మీద ఆవిణ్ని ఎగతాళి చేస్తూనే ఉన్నాను. "అక్కా, నువ్వు పాయసం వండి వాసన చూసి వదిలేసే రకం" అని.

ఒక ముద్ద, ఒక గుక్క. నేనే పోశాను. ప్రతి పూటా. మాత్ర కూడా.

ఫ్లాస్కు కడిగి బోర్లించాను.

మార్చి 18

మధ్యాహ్నం భోజనం వేళకి బ్వారి వసారాలోకి వెళ్ళి కూర్చున్నాను. ఎవరూ పిలవలేదు. బ్వారి నన్నూ, నా ఖాళీ చేతుల్నీ చూసి, ఏమీ అనకుండా మూడో కంచం పెట్టింది. ఆవిడ ఏమీ అనకపోవడం నేను ఎరగను. అదొక శిక్ష.

తిన్నాను. మొదటి ముద్ద గొంతులో నిలబడి దిగనంది. నీళ్ళు తాగాను. నీళ్ళకి చేదు ఇంకా ఎక్కువైంది. రెండో ముద్ద. మూడో ముద్ద.

మొకెయ్రా తినడం ఆపి చూస్తోంది. "ఫ్లాస్కు తేలేదేం అమ్మమ్మా?"

"మూత బిగుసుకుపోయింది."

"నేను తీసిపెట్టనా?"

"అక్కర్లేదు. నీ కాన్పయ్యేదాకా బిగుసుకునే ఉంటుంది."

అది మళ్ళీ ముద్ద కలుపుకుంది. దానికి ఎప్పుడు తెలిసిందో, మొదటిరోజు ఒన్సోంగో చెప్పినప్పుడు పక్కనే కూర్చుని వినే ఉందేమో, నేను పోస్తున్నాను కదా అని తాగిందేమో. అడగలేదు. అడిగితే చెబుతుంది.

"నీ స్వెట్టర్ జేబులు చూడటం తప్పే" అన్నాను.

"జేబులు చూడటమొక్కటేనా?"

బ్వారి పొలమారి దగ్గింది. నేను నాలుగో ముద్ద తిన్నాను, మాట్లాడే పని లేకుండా. సాయంత్రానికి సంచి మా ఇంట్లో ఉంది.

మార్చి 20

తలనొప్పి. టీ మానితే వస్తుందట. బ్వారికి చెప్పకూడదు.

మార్చి 21

చెప్పకుండానే తెలిసిపోయింది. "కణతలు పట్టుకుని తిరుగుతున్నావేం టీచరమ్మా? దెయ్యం వదులుతోందా?"

మార్చి 29

తిన్నాం. తర్వాత నారింజ. గంట గడిచాక, గడియారం ముందు ఇద్దరం కూర్చుని, అరకప్పు టీ. దొంగల్లా.

ఏప్రిల్ 7, సోమవారం

పదీ పాయింట్ మూడు.

ఒన్సోంగో "ఇక్కడే కాన్పు చేస్తాను టీచరుగారూ" అన్నాడు. తొమ్మిదో నెల నిండవచ్చింది. వంతెన దగ్గర దారి తెగిందని దారిలో విన్నాం. మొకెయ్రా కూడా విన్నది. చెయ్యి పట్టుకుని నడిచింది, చిన్నప్పుడు నడిచినట్టు.

పది దాటింది. కెముమాకి ఎంత ఉండేదో ఎవరూ చూడలేదు. ఆ రోజుల్లో చూసేవాళ్ళు కాదు. చూసి ఉంటే మాత్రం మా ఇంట్లో ఏం వండి ఉండేదాన్ని?

ఏప్రిల్ 15, మంగళవారం

ఆరోగ్యకేంద్రం వసారా బెంచీ మీద రాస్తున్నాను. తెల్లవారుజామున నొప్పులు మొదలయ్యాయి. వాన. బ్వారి పక్కన కూర్చుని పాటలు పాడుతోంది, శ్రుతి లేకుండా. ఆపమంటే దేవుడికి శ్రుతి పట్టింపు లేదంది.

తలుపు వేశారు.

మొకెయ్రా అరిచింది. అరుపుంటే మంచిదే. కెముమా చివర్లో అరవలేదు.

ఇంకా.

బిడ్డ ఏడుపు. ఆడపిల్లట. తలుపు తెరవలేదు. ఒక నర్సమ్మ గుడ్డలతో పరిగెత్తింది. బ్వారి పాట ఆపింది. పాడమన్నాను. పాడలేకపోయింది. నేను లేచి తలుపు దాకా వెళ్ళాను. తట్టలేదు. గుడ్డలు తీసుకుని మళ్ళీ ఒకరు వెళ్ళారు. చేతికర్ర ఎక్కడ పెట్టానో తెలియదు. గోడ పట్టుకుని నిలబడి...

ఒన్సోంగో వచ్చాడు. చేతులు మోచేతుల దాకా తడి. "రక్తం కాస్త ఎక్కువే పోయింది టీచరుగారూ. ఆగింది. ముందున్న ఏడున్నరతోనే వచ్చి ఉంటే..." వాడు ఆ వాక్యం పూర్తిచెయ్యలేదు. జీవితంలో మొదటిసారి వాడు సరైన చోట ముగించాడని నా అభిప్రాయం.

ఏప్రిల్ 16

మొకెయ్రా కూర్చుంది. బ్వారి తెల్లారేసరికే కుండ మోసుకొచ్చింది. మూడురోజులనాటి చిన్సాగా, పాలు ఇగిరి నల్లగా. బాలింత పథ్యం. ఈసారి మంచం కిందకి తోయకుండా చూస్తానని వార్డంతా వినేలా ప్రకటించింది.

నేను ఫ్లాస్కు తెచ్చాను. తెచ్చానని సిగ్గుపడటం లేదు. మూత గట్టిగా బిగించి తెచ్చాను.

మొకెయ్రా ముప్పాతిక తిని వాలిపోయింది. "ఇంక చాలు అమ్మమ్మా. ఒక్క కప్పు టీ."

"గంట ఆగు."

"నీ ఫ్లాస్కు నీ ఒళ్ళోనే ఉంది కదా."

"ఉంది. అది కూడా ఆగుతుంది."

బిడ్డకి కెముమా అని పేరు పెట్టిందట. నన్ను అడగలేదు. బిడ్డ కింది రెప్ప మెల్లగా లాగి చూశాను. నిద్ర చెడగొట్టినందుకు నన్ను తిట్టింది.

తల్లీపిల్లా నిద్రపోయారు. బ్వారి నీళ్ళ కోసం వెళ్ళింది. కంచంలో మిగిలిన కూర పారెయ్యడానికి లేచాను. మళ్ళీ కూర్చున్నాను. చేత్తోనే తిన్నాను, అంతా. ఎవరూ చూడటం లేదు, ఎవరితోనూ పందెం లేదు. ఫ్లాస్కు ఒళ్ళోనే ఉంది.

చేదుగానే ఉంది.